ఖుతుబ్ సాబ్ చెవుడు

ఖుతుబుద్దీన్ సాబ్ ఎవరి బయోడేటా వాళ్ళు చెప్తే టైపు కొట్టేవారు కాదు. సిద్దిపేట పాత బస్టాండు వెనక సందులో, జానీ పాషా చాయ్ హోటల్ మీది అంతస్తులో ఆయన టైప్ ఇన్‌స్టిట్యూట్ ఉండేది. మెట్లెక్కి వచ్చి "సార్, నా బయోడేటా కొట్టాలె" అన్న ప్రతివాడికీ ఆయన ఇచ్చే జవాబు ఒకటే. "నీ సంగతి నీకేం ఎరుక బేటా? ఎరుకున్నోళ్ళను తోల్కరా పో."

నేను అక్కడ లోయర్ గ్రేడ్ పరీక్షకు పోయే పిల్లలకు టైపు నేర్పేదాన్ని. నా పేరు స్వరాజ్యలక్ష్మి. అంత పొడుగు పేరు పిలిచే ఓపిక సాబ్‌కు లేదు కాబట్టి స్వరాజ్యం బేటీనయ్యాను. నాకు కోపం జాస్తి అని పిల్లలు చాటుగా అనుకునేవాళ్ళు. సాబ్ దగ్గర కొలువు చేసి కోపం రానివాళ్ళు ఎవరైనా ఉంటే నాకు చూపించండి, వాళ్ళకు దండం పెడతాను.

ఎనభైల చివరి రోజులు. కొలువుల కోసం ఊరంతా కాగితాలు పంపిస్తున్న కాలం. తాలూకాఫీసు ముందు చెట్టు కింద మిషన్లు పెట్టుకున్నవాళ్ళు బయోడేటాకు ఒక నమూనా తయారుగా ఉంచుకునేవాళ్ళు. పేరు మార్చి, బాపు పేరు మార్చి, కింద హార్డ్ వర్కింగ్, సిన్సియర్, ఒబీడియంట్ అని కొట్టి చేతికిచ్చేవాళ్ళు. చాయ్ చల్లారేలోపు పని అయిపోయేది. మా సాబ్ దగ్గర అదే పనికి రెండు రోజులైనా పట్టేది.

"అందరిలాగే కొట్టి ఇవ్వచ్చు కదా సాబ్" అని నేను చాలాసార్లు పోరాను.

"బేటీ, సిద్దిపేటల ఎవ్వన్ని అడిగినా నేను మస్తు కష్టపడ్త సార్ అంటడు. అందరు కష్టపడేటోళ్ళే అయితే పగటీలి కోమటి చెరువు కట్ట మీద పండేటోళ్ళు ఎవరు?" అనేవారు సాబ్. "కంపెనీవాని బల్ల మీద గట్టెడు కాగితాలుంటయి. అన్నిట్ల గదే ముచ్చట. ఏదని చదువుతడు? పెండ్లిపిల్లను చూడవోతే ఇరుగుపొరుగును అడుగుతమా, పిల్లనే అడుగుతమా?"

ఈ వాదం నాకూ సబబుగానే తోచేది. అందుకని ఇంకా కోపం వచ్చేది.

ఇక ఆ ఎరుకున్న సాక్షి వచ్చాక జరిగే తతంగం చెప్పాలి. ఇన్‌స్టిట్యూట్ గదికి నడిమధ్యలో ఒక ప్లైవుడ్ పలక అడ్డం ఉండేది. ఇవతల సాబ్ బల్ల, అవతల పిల్లలు నేర్చుకునే మిషన్లు. తల్లో తండ్రో మేనమామో వచ్చి సాబ్ ముందు స్టూలు మీద కూర్చుంటే, బయోడేటా ఎవరిదో వాళ్ళు పలక అవతలికి పోవాలి. "అక్కడ కూసో. మిషన్ ముట్టకు. సప్పుడు చెయ్యకు" అని సాబ్ ఆర్డరు. అంతటితో ఊరుకోకుండా నా పిల్లలను కూడా టైపు ఆపమనేవారు. పరీక్షలు దగ్గర పడినా సరే, అందరూ వేళ్ళు గాలిలోకి లేపి కూర్చోవాల్సిందే. గది మసీదులాగా అయిపోయేది.

అప్పుడు సాబ్‌కు చెవుడు వచ్చేది.

ఆయన చెవుల సంగతి నాకు బాగా తెలుసు. కింద జానీ పాషా హోటల్లో చాయ్ తాగుతూ, మీద టక టక వింటూ, "స్వరాజ్యం బేటీ, మూడో మిషన్ మీద ఎవరో చిటికెన వేలు వాడ్తలేరు, చూడు" అని కేకేసేవారు. పోయి చూస్తే నిజమే అయ్యేది. అలాంటి మనిషికి సాక్షి ఎదురుగా కూర్చుని నోరు తెరవగానే ఏమీ వినపడేది కాదు. "ఏమన్నరు? జర గట్టిగ చెప్పున్రి." మళ్ళీ చెప్తే, "ఊహూఁ, సమజ్ కాలే. ఇంకొంచెం గట్టిగ."

నేను ఊరుకోలేక ఒకసారి ఆయనను దవాఖానకు తోలుకుపోయాను. డాక్టరు చెవుల్లో లైటు వేసి చూసి, అటు తిప్పి ఇటు తిప్పి, "అమ్మా, ఈయనకు పక్క వీధిలో సూది పడ్డా వినపడుతుంది" అని పంపించేశాడు. దారిలో సాబ్ నన్ను ఓదార్చారు. "డాక్టరు మంచి మనిషి బేటీ. ముసలోన్ని, బాధపడతనని గట్ల అన్నడు."

లచ్చవ్వ వచ్చిన రోజు చెప్తాను. లచ్చవ్వ బస్టాండు దగ్గర కూరగాయలు అమ్మేది. కొడుకు ముత్తయ్య కరీంనగర్‌లో ఒక బట్టల దుకాణంలో గల్లా మీద కూర్చునే పనికి కాగితం పెట్టుకుంటున్నాడు. లచ్చవ్వ స్టూలు మీద కూర్చుని, "వాడా సార్? వాడు దేనికి పనికొస్తడు? ఆఖరికి అబద్ధం గూడ చెప్పరాదు. చెప్తే చెవులు ఎర్రగైతయి" అంది.

"ఏమన్నవ్ లచ్చవ్వా? వినపడలే."

"అబద్ధం చెప్పరాదు సార్ వానికి. చిన్నప్పటి సంది అంతే. బెల్లం తిని తినలేదంటడు, చెవులు చూస్తే మిరపకాయలు. ఇంక చెప్పుడే బంద్ చేసిండు."

సాబ్ నన్ను పిలిచి అదంతా ఇంగ్లీషులో పెట్టమన్నారు. అభ్యర్థి అబద్ధం చెప్పలేడు, చెప్పినచో చెవులు ఎర్రబడును అని. కింద, పైవన్నీ అభ్యర్థి తల్లి చెప్పినవి అని ఒక లైను. దాని పక్కన లచ్చవ్వ వేలిముద్ర, నీలం సిరాతో.

"సాబ్, లోకంలో ఎక్కడైనా ఇట్లా రాస్తారా?" అన్నాను.

"ఎక్కడ రాయరు. అందుకే రాస్తున్న."

ఆ దుకాణం సేటు ముత్తయ్యను అందరికంటే ముందు పిలిచాడు, చెవులు చూద్దామని. ఎదురుగా కూర్చోబెట్టి, "నీకు నా దుకాణం నచ్చిందా?" అని అడిగాడట. ముత్తయ్య నచ్చింది అన్నాడు. చెవులు మెల్లగా ఎర్రబడ్డాయి. సేటు నవ్వీ నవ్వీ అదే రోజు గల్లా తాళంచెవి చేతిలో పెట్టాడు. ఆ తర్వాత మా మెట్ల మీద తల్లులు, తండ్రులు, మేనత్తలు వరుస కట్టారు. నా పిల్లల వేళ్ళు గాలిలోనే ఉండిపోయాయి.

ఇట్లాంటి రోజుల్లోనే కొండపాక నుంచి యాదగిరి వచ్చాడు.

పొడుగ్గా, కొంచెం వంగి, ఎవరైనా కొడతారేమో అన్నట్టు నిలబడే పిల్లవాడు. డిగ్రీ తప్పుతూ తప్పుతూ పాసయ్యాడు. అప్పటికి ఎన్నో కాగితాలు పంపాడు, ఒక్కదానికీ జవాబు రాలేదు. ఇప్పుడు హైదరాబాదులో ఒక విత్తనాల కంపెనీ ఫీల్డ్ అసిస్టెంట్లు కావాలని పేపర్లో వేసింది. శనివారం లోపల కాగితం అక్కడికి చేరాలి. "ఇది గూడ రాకుంటే ఇగ బాపు ముఖం చూడలేను సార్, బొంబాయి పోతా" అన్నాడు. ఆ మాట బెదిరింపులాగా అనలేదు, బస్సు టైము చెప్పినట్టు చెప్పాడు. అందుకే నాకు భయమేసింది.

"మంచిది. ఎరుకున్నోళ్ళను తోల్కరా" అన్నారు సాబ్.

"మా అవ్వ మా అక్క కాన్పుకు పోయింది సార్. నెల దాకా రాదు."

"బాపు ఉన్నడు గద."

యాదగిరి నేల చూశాడు. "బాపు నాతోటి మాట్లాడడు సార్. ఎడ్లతోటే మాట్లాడతడు. నా గురించి అడిగితే బేకార్‌గాడు అంటడు. గదే కొడ్తరా బయోడేటల?"

"గదే చెప్తే గదే కొడ్త" అన్నారు సాబ్.

యాదగిరి దిగిపోయి, కొంచెంసేపటికే ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. చేతిలో సంచి, చంకలో గొడుగు. "మా పెద్దనాయిన సార్" అన్నాడు యాదగిరి. సాబ్ ఆయనను కూర్చోబెట్టి, పిల్లగాడు ఎట్లాంటివాడు అని అడిగారు.

"బంగారం సార్."

"చిన్నప్పుడు ఎట్ల ఉండె?"

"చిన్నప్పుడు గూడ బంగారమే."

"పిల్లగాని పేరేంది?"

పెద్దమనిషి పలక వైపు చూశాడు. తర్వాత కిటికీ వైపు చూశాడు. బస్టాండులో హారను మోగింది. "నాది హుస్నాబాద్ బస్సు సార్, పోతది. ఏదన్న మంచి పేరు రాసుకోన్రి. బంగారం పిలగాడు" అంటూ గొడుగు కూడా మరిచిపోయి మెట్లు దిగాడు. ఆ గొడుగు చాలా ఏళ్ళు మా ఇన్‌స్టిట్యూట్‌లోనే ఉంది.

సాబ్ ఆ గొడుగును మూలకు ఆనించారు. కిటికీలోంచి కొండపాక బస్సు కండక్టరును పిలిచి, "యాదగిరి బాపు సాంబయ్యకు చెప్పు, కొడుకు పని మీద సిద్దిపేటకు రమ్మన్నరని" అని కబురు పెట్టారు.

నాకు ఒళ్ళు మండింది. "ఆ పిల్లవాడు తండ్రి పేరు చెప్తేనే చిన్నబోతున్నాడు. ఆయననే పిలిపించి తిట్టిస్తారా? నాలుగు మంచి మాటలు మనమే కొట్టి పంపిస్తే ఏం పోతుంది?" అని గట్టిగానే అడిగాను.

"మనం కొడితే అవి మన మాటలైతయి బేటీ" అన్నారు, అంతే.

మరునాడు మొదటి బస్సుకే సాంబయ్య వచ్చాడు. చెప్పులు కింద మెట్ల దగ్గరే విడిచి, తలకు చుట్టిన తువ్వాల విప్పి భుజాన వేసుకుని, మూడుసార్లు చెప్తే గాని స్టూలు మీద కూర్చోలేదు. కొడుకు వైపు చూడలేదు. కొడుకూ తండ్రి వైపు చూడలేదు. యాదగిరి పలక వెనక్కి పోయి ఏడో మిషన్ ముందు కూర్చున్నాడు. నా పిల్లలు వేళ్ళు లేపారు.

"చెప్పున్రి పెద్దమనిషీ, మీ కొడుకు సంగతి."

"ఏం జెప్పాలె సార్. డిగ్రీ చదివిండు. మూడేండ్ల చదువు ఐదేండ్లు చదివిండు."

"అది సర్టిఫికెట్ల ఉన్నది. దాన్ల లేనిది చెప్పున్రి."

"పొద్దుగాల లేవడు."

సాబ్ వేళ్ళు కదలలేదు.

"తిండైతే మంచిగ తింటడు."

అదీ కొట్టలేదు. జానీ పాషా చాయ్ పంపించాడు. సాంబయ్య సాసర్లో పోసుకుని, ఊదుకుని, మెల్లగా తాగాడు. సాబ్ గోడ మీద క్యాలెండరు చూస్తూ కూర్చున్నారు. అవతల ఒక పిల్లవాడు తుమ్మబోయి ఆపుకున్నాడు. శనివారం దగ్గరికి వస్తోంది, ఈయన బేకార్‌గాడు అని ఎప్పుడంటాడోనని భయపడుతూ నేను సాబ్ పక్కన కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నాను.

"ఎడ్లకు మటుకు వాడంటే పాణం" అన్నాడు సాంబయ్య, సాసరు కింద పెడుతూ.

సాబ్ ముందుకు వంగారు. "ఏమన్నరు?"

"ఎడ్లు సార్. వాడు లేకుంటే నీళ్ళు ముట్టయి."

ఎడ్ల మాట వచ్చేసరికి సాంబయ్యకు నోరు పెగిలింది. ఎడ్ల నుంచి దుక్కికి, దుక్కి నుంచి విత్తనానికి వచ్చాడు. "పోయిన ఏడు పత్తి గింజలు తెచ్చిన. వీడు సంచిల చెయ్యి పెట్టి చూసి, బాపూ ఇవి మొలువయి అన్నడు. నీకేం తెలుసురా అని తిట్టిన. తిట్టి పెట్టిన. మొలువలే."

"వినపడలే."

"మొలువలే అన్న సార్."

"అది వినపడ్డది. దాని ముందటిది."

సాంబయ్య తువ్వాలతో మూతి తుడుచుకున్నాడు. "వీడు ముందే చెప్పిండు అన్న."

"ఆఁ. తర్వాత?"

"ఈ ఏడు నన్ను అడుగనే లేదు. గోనెసంచి తడిపి, గింజలు వరుసగ పేర్చి, చుట్టి అటుక మీద పెట్టిండు. మొలకలొచ్చినంక ఇప్పి లెక్క చూసి, ఇవి పెట్టుమన్నడు, అవి వాపస్ ఇయ్యమన్నడు. నేను సప్పుడు చెయ్యలే, చెప్పినట్టే చేసిన. చేను మంచిగొచ్చింది. ఇగ మా వాడకట్టోళ్ళందరు గింజలు పట్టుకొని వానికాడికే వస్తున్రు. నేను తొవ్వల నడుస్తుంటే యాదగిరి నాయిన పోతుండు అంటున్రు."

"ఏమంటున్రు?"

"యాదగిరి నాయిన అంటున్రు సార్."

"జర గట్టిగ."

సాంబయ్యకు కోపం వచ్చింది. ఆ కోపంలో, చేను ఈ చివర నుంచి ఆ చివర ఉన్న ఎడ్లను పిలిచే గొంతుతో అన్నాడు. "యాదగిరి నాయిన అంటున్రు సార్. నా పేరే మరిచిపోయిన్రు ఊరోళ్ళు. వాని పేరు పెట్టి పిలుస్తున్రు నన్ను. నాకు మంచిగనే ఉన్నది."

కింద హోటల్లో చాయ్ తాగేవాళ్ళు తలెత్తి చూశారని తర్వాత జానీ పాషా చెప్పాడు. పలక అవతల ఏడో మిషన్ గంట టింగుమని మోగింది. ముట్టవద్దన్నా యాదగిరి మోచేయి తగిలి మిషన్ మీద కాగితం చుట్టే బండి చివరిదాకా జరిగినట్టుంది.

"అదేంది సార్?" అన్నాడు సాంబయ్య.

"ఎలుక" అన్నారు సాబ్.

"ఎలుక గంట కొడ్తదా?"

"సిద్దిపేట ఎలుకలు కొడ్తయి."

నేను అదంతా ఇంగ్లీషులో పెట్టాను. తడి గోనెసంచి, వాపస్ ఇచ్చిన గింజలు, యాదగిరి నాయిన, ఏదీ వదలలేదు. సాబ్ ఒక్క తప్పు లేకుండా కొట్టారు. సాంబయ్య బొటనవేలు సిరాలో అద్ది కాగితం మీద గట్టిగా నొక్కాడు. లేస్తూ గొంతు తగ్గించి, "సార్, వాడైతే వినలేదు గద?" అని అడిగాడు.

"నడుమ పలక ఉన్నది గద" అన్నారు సాబ్.

తండ్రీకొడుకులు కలిసి మెట్లు దిగారు. "ఇగనన్న పొద్దుగాల లేవరాదురా" అంటున్నాడు సాంబయ్య. "సరే బాపూ" అన్నాడు యాదగిరి. మరి బొంబాయి మాట ఎత్తలేదు. ఇద్దరూ జానీ పాషా హోటల్లోకి పోయారు.

వాళ్ళు పోయాక నేను ఆ పలక దగ్గర నిలబడి దాన్ని వేలితో కొట్టి చూశాను. అట్టముక్కలాగా మోగింది. ఇంటి యజమాని ఎన్నోసార్లు ఇటుక గోడ కట్టిస్తానన్నాడు. సాబ్ ఎన్నడూ ఒప్పుకోలేదు. నేను రోజూ ఆ పలక అవతల కూర్చుంటాను. సాబ్ నశ్యం పీల్చినా నాకు వినపడుతుంది.

"సాబ్, మీకు చెవుడు లేదు" అన్నాను.

"లేదు బేటీ" అని ఒప్పేసుకున్నారు.

ఆయన మిషన్ మీద గుడ్డ కప్పి, నా వైపు చూడకుండా చెప్పారు. "మన దిక్కు కన్నబిడ్డను ముంగట పొగుడరు. దిష్టి అంటరు మీరు, నజర్ అంటం మేము. మా అబ్బాజాన్ గూడ అంతే. ఎన్నడు మంచిగున్నది అనలే. ఆయనను మట్టి చేసి ఖబరస్తాన్ నుంచి వస్తుంటే పక్క దుకాణపాయన చెప్పిండు. మీ అబ్బా మాపటీలి నీ కిటికీ కింద నిలబడి నీ టైపు సప్పుడు వింటుండె, మావాడు కొడ్తుండు అని అందరికి చెప్తుండె అని. అందరికి చెప్పిండంట బేటీ. నాకొక్కనికే చెప్పలే."

ఇన్నేళ్ళు ఈ మనిషిని ఎన్ని మాటలు అన్నానో తలచుకుంటూ నిలబడ్డాను. అది చూసి ఆయన మామూలుగా అయిపోయారు.

"ముంగట పొగిడితే నజర్ తగుల్తది. పలక అవతలికి వినపడితే తగల్దు. గది నేను కనిపెట్టిన" అన్నారు గర్వంగా.

"మరి కంపెనీవాళ్ళు?"

"వాళ్ళు చదివితే చదువుతరు, లేకుంటే లేదు. వినేటోడు విన్నడు గద."

కంపెనీవాళ్ళు చదివారు. వేలిముద్ర ఉన్న బయోడేటా వాళ్ళు అంతకుముందు చూడలేదట. యాదగిరిని పిలిచి, మీ నాయన చెప్పిందంతా నిజమేనా అని అడిగారు. "మా బాపు నా గురించి మంచి చెప్పుడే తక్కువ సార్. చెప్పిండంటే నిజమే అయి ఉంటది" అన్నాడట. ఆ మాటా, కొలువు దొరికిన సంగతీ మాకు చెప్పడానికి వచ్చిన రోజు వాడు నిటారుగా నిలబడ్డాడు.

కొన్నేళ్ళకు సిద్దిపేటకు కంప్యూటర్లు వచ్చాయి. మా మిషన్ల ముందు కుర్చీలు ఖాళీ అయ్యాయి. కొత్తగా పెట్టిన కంప్యూటర్ సెంటరుకు కీబోర్డు నేర్పేవాళ్ళు కావాలని తెలిసి, సాబ్ కాగితం పెట్టుకోవాల్సిందేనని నేను పట్టుబట్టాను. నా బయోడేటా ఎవరిక్కావాలె అన్నారు. నేను ఊరుకోలేదు. మరునాడు ఆయన బీబీ హబీబున్నీసాను స్టూలు మీద కూర్చోబెట్టి, ఆయనను పలక వెనక్కి పంపించాను. ఊరందరినీ పంపించిన మనిషి, తన వంతు వచ్చేసరికి బుద్ధిగా పోయి ఏడో మిషన్ ముందు చేతులు కట్టుకుని కూర్చున్నారు.

"లోపలున్నరా?" అని హబీబున్నీసా సైగ చేసి అడిగింది. ఉన్నారన్నాను. ఆమె ముసుగు సవరించుకుని గట్టిగా మొదలుపెట్టింది. "ఏం చెప్పాలె బేటీ. వంకాయలు తెమ్మంటే పుచ్చులు తెస్తరు. గొడుగు తీస్కపొమ్మంటే వేరేటోళ్ళ గొడుగు తెస్తరు. ఇంటికాడ ఏది చెప్పినా వినరు."

నేను సాబ్ కుర్చీలో కూర్చుని క్యాలెండరు చూస్తూ ఆగాను. ఆమె కాసేపు చేతి గాజులు తిప్పుకుంది. తర్వాత తల వంచుకుని, తనకే చెప్పుకుంటున్నట్టు మెల్లగా అంది. "ఈ మనిషి దొరికినందుకు అల్లాకు షుక్రియా చెప్పని పొద్దు లేదు."

ఆమె అన్న ప్రతి అక్షరం నాకు వినపడింది. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుకు వంగాను.

"ఏమన్నరు అమ్మా? జర గట్టిగ చెప్పున్రి."